వరస మారిన వేసవి

ఆ వేసవిలో మా కంపెనీకి వచ్చే ఫోన్లన్నిటిలోనూ ఒకటే మాట. గది చల్లబడటం లేదు. కొందరు బతిమాలేవారు, కొందరు తిట్టేవారు. ఒక పెద్దాయనైతే మంచంలో ఉన్న తన భార్యకు ఊపిరాడటం లేదని ఫోన్లోనే ఏడ్చేశాడట. పొద్దున్నే కంపెనీ షెడ్డు నుంచి బయలుదేరితే, సామాను కోసం మధ్యలో వచ్చిపోవడం తప్ప, ఎండ వాలేదాకా తిరుగుడే. నేను ఏసీ మెకానిక్‌ని. మా నాన్న ఆ కంపెనీ వ్యాను డ్రైవరు. అమ్మ కట్టిచ్చిన రెండు టిఫిన్ డబ్బాలు సీటు కింద పెట్టుకుని, తండ్రీ కొడుకులం ఒకే వ్యానులో వెళ్ళి ఒకే వ్యానులో వచ్చేవాళ్ళం.

నన్ను అక్కడ చేర్పించింది నాన్నే. మేనేజరు ముందు నిలబెట్టి, "మావాడు సార్. పని నేర్చుకున్నాడు, చూసి పెట్టుకోండి," అన్నాడు. ఆ ఒక్క మాట కోసం మా ఇంట్లో ఎన్నేళ్ళు ఎంత రభస జరిగిందో మేనేజరుకు తెలియదు. నేను పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాట నాకు అతకలేదు. పెద్దయ్యాక జుట్టు కత్తిరించుకున్నాను, డాక్టరు దగ్గర ఇంజెక్షన్లు వేయించుకున్నాను, గొంతు మారింది, మీసం వచ్చింది. పేరు మార్చుకున్నాను. నాన్న చాలాకాలం మొహం చాటేసి తిరిగాడు. ఆ తర్వాత ఒకరోజు భోజనం దగ్గర, ఏమీ జరగనట్టే, "ఒరేయ్, ఆ నీళ్ళ చెంబు ఇటు జరుపు," అన్నాడు. నేను చెంబు జరిపి, పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. అమ్మ మాత్రం ఎటూ అనేది కాదు. "మా బిడ్డ" అనేది. బిడ్డ అంటే ఎవరైనా కావచ్చు.

షెడ్డులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అందరిలో నేనూ ఒకణ్ణి. నాతో జంటగా పనిచేసే సీనియరును మీటరు అనేవాళ్ళం. చొక్కా జేబులో ఎప్పుడూ కరెంటు చూసే మీటరు ఉంటుంది. ఇంట్లో భార్య మూడ్ కూడా దాంతోనే చూసుకుని మరీ నోరు విప్పుతాడని జోకు. గ్యాసు పట్టడం, గొట్టం అతకడం, చెవి ఆనించి కంప్రెసర్ చప్పుడు వినడం నాకు ఆయనే నేర్పాడు. పని బాగా చేస్తే పొగిడేవాడు కాదు, తిట్టడం మానేసేవాడు. ఇంకొకడు స్టోర్ కీపరు. విడిభాగాలన్నీ అతని కిటికీలోంచే తీసుకోవాలి. అతను అందరినీ బావమరిది అనేవాడు, అందరూ అతన్ని బావ అనేవారు. "మీ అక్కను నాకిస్తానని ఎగ్గొట్టారు, కెపాసిటర్ మాత్రం అడుగుతారు," అని ఏడిపించి గానీ సామాను ఇచ్చేవాడు కాదు. నాకు అక్క లేదు. అయినా నేనూ నవ్వేవాణ్ణి. ఆ సరసంలో నాకూ ఒక వరస దొరికినందుకు లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి కూడా.

అదంతా ఒక ఇంట్లో పోయింది. పైఅంతస్తులో పాత ఫ్లాటు, నీళ్ళు కారుతున్న ఏసీ. నేను స్టూలెక్కి ముందు మూత విప్పుతున్నాను, మీటరు కింద స్టూలు పట్టుకున్నాడు. ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చింది. నెరిసిన జుట్టు, మెళ్ళో తాడుకి వేలాడుతున్న కళ్ళజోడు. గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళబోయి, ఆగింది. స్క్రూ డ్రైవరును పళ్ళ మధ్య పెట్టుకోవడం నాకు అలవాటు. బళ్ళో పెన్సిలు కూడా అలాగే పెట్టుకునేవాణ్ణి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా మొహంలోకి చూసి, నా పాత పేరు పెట్టి పిలిచింది.

"నువ్వే కదే? లెక్కల్లో ఎప్పుడూ ముందుండేదానివి," అంది.

కాదమ్మా, ఇంకెవరో అనుకున్నారు అనేస్తే సరిపోయేది. నా మీసం, నా గొంతు సాక్ష్యం చెప్పేవి. కానీ ఆ గొంతు వినగానే నా నోరు నా మాట వినలేదు. "అవును టీచర్," అన్నాను.

ఆవిడ చాలా సంతోషించింది. ఆ సంతోషంలోనే నన్ను పైనుంచి కిందికి చూసింది, కొంచెం తడబడింది, తల ఊపింది. బాగున్నావా అని అడిగింది. అమ్మానాన్నా బాగున్నారా అంది. ఏసీ బాగుచేసి వెళ్తుంటే వాకిలి దాకా వచ్చి, మీటరుతో, "దీన్ని జాగ్రత్తగా చూసుకో నాయనా. బంగారం లాంటి పిల్ల," అంది. నా మేలు కోరే అంది.

మీటరు ఎప్పుడూ వ్యానులో నాకూ నాన్నకూ మధ్య కూర్చునేవాడు. ఆ రోజు వెనక, పైకప్పు లేని చోట, సామాను దగ్గర కూర్చున్నాడు. మాడిపోయే ఎండలో ఎందుకయ్యా అని నాన్న అడిగితే, వెనకే గాలి బాగుందన్నాడు.

మర్నాడు నేను స్టోరు కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ నలుగురైదుగురు ఉన్నారు. కెపాసిటర్ కావాలన్నాను. బావ కిటికీ చువ్వల మీద మోచేతులు ఆనించి, నా వైపు ఎంతో ఆప్యాయంగా చూశాడు.

"ఇన్నాళ్ళూ బావమరిది బావమరిది అని నోరు నొప్పెట్టేలా పిలిచాను. వరస తప్పు పిలిచానంటగా. ముందే చెప్పొద్దూ, మరదలా?"

అందరూ నవ్వారు. నవ్వనివాళ్ళు కూడా అక్కణ్ణుంచి కదల్లేదు. నేను కెపాసిటర్ తీసుకుని వచ్చేశాను. దాన్ని జేబులో పెట్టుకుని, జేబులోనే గట్టిగా పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నా పేరు మరదలు. పొద్దున హాజరు దగ్గర మరదలు, మధ్యాహ్నం డబ్బాలు విప్పేచోట మరదలు. నేను కూర్చుంటే పక్కవాడు లేచి చోటిచ్చేవాడు, ఆడవాళ్ళకిచ్చినట్టు, చెయ్యి చాపి మరీ. యూనిఫారం మార్చుకునే గదిలోకి నేను వెళితే, లోపలున్నవాళ్ళు గబగబా చొక్కాలు గుండెలకు అడ్డం పెట్టుకుని కీచుగొంతులతో అరిచేవారు. కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి చెప్పేవారు. షెడ్డు వెనక మరుగుదొడ్డి ఒక్కటే. ఒకరోజు దానికి లోపలి గడియ లేదు. మేకులు పీకిన గుర్తులు తాజాగా ఉన్నాయి. నేను లోపల ఉండగా ఎవరో తలుపు తోశారు. "అయ్యో, చూసుకోలేదమ్మా," అని బయట నవ్వు. నేను భుజంతో తలుపును ఆపి అలాగే నిలబడ్డాను.

ఆ తర్వాత నీళ్ళు తాగడం మానేశాను. పొద్దున ఇంట్లో బయలుదేరే ముందు ఒక గుక్క, మళ్ళీ ఇంటికి చేరాకే. చొక్కా లోపల ఛాతీని అదిమిపెట్టే బిగుతు బనీను ఒకటి వేసుకునేవాణ్ణి. మామూలు రోజుల్లోనే దాంతో ఊపిరి సగమే తీయాలి. డాబాల మీద, నిప్పులు చెరిగే యూనిట్ల పక్కన, నీళ్ళు లేకుండా అది వేసుకుని పనిచేస్తుంటే, చేతిలో పానా రెండుగా కనిపించేది. ఒకరోజు అలాగే పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాను. మీటరు వచ్చి సీసా మూత తీసి ఇచ్చాడు. దాహం లేదన్నాను.

"మీటరు పెట్టి చూడక్కర్లేదు. మొహంలో తెలుస్తోంది," అన్నాడు. అటు తిరిగి, "తాగు. షెడ్డుకెళ్ళాక నేను తలుపు బయట నిలబడతాలే," అన్నాడు.

తాగాను. సీసా మొత్తం తాగేశాను. ఆయన ఇంకా అటే తిరిగి ఉన్నాడు.

"నేను ఒక్కడికే చెప్పాన్రా. ఎవరికీ అనొద్దని కూడా చెప్పాను," అన్నాడు.

ఆ ఒక్కడూ ఎవరని నేను అడగలేదు. అన్న మాట ప్రకారం ఆయన ఆ తర్వాత కొన్నాళ్ళు నిజంగానే తలుపు బయట నిలబడ్డాడు. దాని మీద కూడా ఒక జోకు పుట్టింది. అప్పుడు మానేశాడు.

నాన్నకు ఇవన్నీ తెలియవని నేను అనుకోలేదు. డ్రైవర్లు షెడ్డు అరుగు మీదే కూర్చుంటారు, వాళ్ళ చెవిన పడని మాట ఉండదు. ఇంటికి వచ్చేదారిలో ఒకసారి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "పట్టించుకోకు. నాలుగు రోజులు నవ్వుతారు, తర్వాత ఇంకేదో దొరుకుతుంది," అన్నాడు. నేను ఊఁ అన్నాను. నాలుగు రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

ఎండలు బాగా ముదిరాక ఒక ఉదయం ఆ పని జరిగింది. ఏదో బట్టల కొట్టు నుంచి పాడైన పెద్ద యూనిట్ విప్పి తెచ్చాం. షెడ్డు ముందు వ్యాను ఆపి డ్రైవరు వైపు పక్క రేకు కిందికి దించారు. నేను పైన మోకాళ్ళ మీద కూర్చుని యూనిట్‌ను రెండు చేతులా పట్టుకుని అంచు దాటిస్తున్నాను. కింద మీటరు గుండెకు ఆనించుకుని అందుకుంటున్నాడు. బరువంతా ఇంకా నా చేతుల్లోనే ఉంది. బావ వ్యాను ఎక్కాడు. సాయం పడతాను ఆగండి అంటూ నా వెనక్కి వచ్చాడు. రెండు చేతులూ నా చంకల కిందుగా పోనిచ్చి, చొక్కా బొత్తాల మధ్యనుంచి లోపలికి పెట్టాడు. బనీను అంచు వేళ్ళతో వెతికి లాగాడు.

"గట్టిగానే కట్టావే," అన్నాడు, నాకొక్కడికే వినపడేటట్టు.

చేతులు వదిలేస్తే ఆ యూనిట్ మీటరు గుండెల మీద పడుతుంది. వదల్లేదు. రోజూ ఎలా దించుతానో అలాగే, అంగుళం అంగుళం, కింద అంచు ఆనిందని చేతికి తెలిసేదాకా దించాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ సమయంలో నా తల ఒక పక్కకి తిరిగి ఉంది. ఎదురుగా డ్రైవరు తలుపుకున్న అద్దం. అందులో నాన్న కళ్ళు ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి. నేను చూస్తున్నానని వాటికి తెలిసింది. అప్పుడు నాన్న చెయ్యి బయటికి వచ్చి, అద్దాన్ని కొంచెం పక్కకి తిప్పింది. అందులో రోడ్డు కనిపించింది.

బరువు దిగాక బావ నా భుజం తట్టి కిందికి దూకాడు. నేను చొక్కా సర్దుకుని, తాడు చుట్టి, రేకు ఎత్తి గొళ్ళెం పెట్టాను. అవన్నీ ఎందుకు చేశానో తెలియదు. ఆ తర్వాత సరాసరి మేనేజరు గదికి వెళ్ళాను.

మేనేజరు చిన్నవాడే, మర్యాదస్థుడు. కూర్చోమన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. విని, ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ విషయం ఎందుకు దాచావని అడిగాడు. ఏ విషయం అన్నాను. అదే అన్నాడు. ఆ తర్వాత కస్టమర్లకు తెలిస్తే ఏమవుతుందో వివరించాడు. ఇళ్ళల్లోకి వెళ్ళే పని కదా, మగవాళ్ళు మగవాడివని నమ్మి రానిస్తారు, ఆడవాళ్ళు ఇంకోలా అనుకుంటారు, రేపు ఎవరైనా మోసం అంటే కంపెనీ ఏం చెప్పాలి? నన్ను ముట్టుకున్న సంగతి ఎక్కడో వెనకబడిపోయింది. నేను మళ్ళీ దాన్ని ముందుకు తెచ్చాను. సరే, అందర్నీ పిలిచి అడుగుదాం అన్నాడు.

బావ చేతులు కట్టుకుని వచ్చాడు. నా వైపు ఎంతో నొచ్చుకున్నట్టు చూశాడు.

"సామాను జారుతుంటే సాయం పట్టాను సార్. మగవాడే కదా అని పట్టాను. తను కూడా అదే అంటోంది కదా. ఆడమనిషైతే నేను ముట్టుకుంటానా సార్? నాకూ చెల్లెళ్ళున్నారు."

మగవాణ్ణంటే ముట్టుకోవచ్చు. ఆడదాన్నంటే నేను ఇన్నాళ్ళూ అబద్ధమాడినట్టు. ఆ రెండు గోడల మధ్య నన్ను నిలబెట్టి అతను చేతులు కట్టుకున్నాడు.

మీటరు వచ్చి, బరువు పట్టుకుని ఉన్నాను సార్, తల కిందికుంది అన్నాడు. అది నిజమే. కానీ తల ఎత్తినప్పుడు కూడా ఆయన నా మొహం చూడలేదు.

చివరికి నాన్న. వ్యాను తాళాలు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ తలుపు దగ్గరే ఆగాడు. మేనేజరు కూర్చోమన్నా కూర్చోలేదు. ఏం చూశావని అడిగితే, స్టీరింగ్ దగ్గరున్నాను సార్, వెనక ఏం జరిగిందో చూళ్ళేదు అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. మేనేజరు సరే వెళ్ళు అన్నట్టు తల కూడా ఊపాడు. నాన్న వెళ్ళలేదు.

"మా అమ్మాయి కాస్త సున్నితం సార్," అన్నాడు. "ఏదో జరిగిందనుకుని ఉంటుంది. తెలిసీ తెలియని మనిషి. మీరే పెద్ద మనసు చేసుకోవాలి."

మేనేజరు మొహంలో మొదటిసారి జాలి కనిపించింది. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, సరే అమ్మా, కంగారుపడకు అన్నాడు. ఇక మీదట ఎండలో తిరిగే పని వద్దన్నాడు. ఫోన్లు తీసే గదిలో అంతా ఆడవాళ్ళే, అక్కడ నీకూ భద్రంగా ఉంటుంది అన్నాడు. బావను నోటిమాటగా మందలిస్తానన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఎప్పటిలాగే ఒకే వ్యానులో వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాన్న, "డబ్బా విప్పినట్టు లేవు. తినలేదా?" అన్నాడు. ఆకలి లేదన్నాను. లైటు మారింది.

ఫోన్ల గదిలోని ఆడవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మొదటి రోజు నాకు కుర్చీ చూపించారు, ఫోన్లో ఏమేం అడగాలో చెప్పారు. రెండోరోజు నా కుర్చీకి, పక్క కుర్చీకి మధ్య చేతిసంచులు వెలిశాయి. ఒకామె పెళ్ళయిందా అని అడగబోయి ఏమని అడగాలో తెలియక ఊరుకుంది. ఒకరోజు వాళ్ళంతా కలిసి మేనేజరుతో మాట్లాడారట. వాళ్ళ మరుగుదొడ్డి నేను వాడకుండా చూడమని. అక్కడా వద్దు, షెడ్డు వెనకా వద్దు. నేను రోడ్డు దాటి బస్టాపు దగ్గరున్న దానికి వెళ్ళి వచ్చేవాణ్ణి.

ఫోన్లో మాత్రం అందరూ నన్ను సార్ అనేవారు. "సార్, మా గది అసలు చల్లబడటం లేదు సార్." కంప్రెసర్ చప్పుడు వస్తోందా, ఫ్యాను తిరుగుతోందా అని నేను అడిగేవాణ్ణి. సగం రోగాలు నాకు ఫోన్లోనే తెలిసిపోయేవి. ఏం చేయాలో చెప్పేవాణ్ణి, సార్ మీరే రాకూడదా అని వాళ్ళనేవారు. సార్ అన్నప్పుడల్లా గదిలో ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు, దాని వెనకాలే సన్నని నవ్వు ఒకటి గదంతా చుట్టి వచ్చేది. కొన్నాళ్ళకు సూపర్‌వైజరు వచ్చి, కస్టమర్లు గందరగోళపడుతున్నారు, కొంచెం గొంతు పలచగా చేసి మాట్లాడటానికి వీలవుతుందా అని అడిగింది. ప్రయత్నిస్తానన్నాను. ఆ రోజంతా ఫోను మోగుతుంటే ఏ గొంతుతో మాట్లాడాలో తోచక, ఎత్తి, ఒక క్షణం ఊరుకునేవాణ్ణి. అవతలివాళ్ళు హలో, హలో అనేవారు.

కిటికీలోంచి పొద్దున వ్యాను బయలుదేరడం కనిపించేది. నా చోట్లో ఇంకొకణ్ణి వేశారు. మీటరు మళ్ళీ ముందు సీట్లో కూర్చుంటున్నాడు.

ఇంట్లో నాన్న నన్ను ఏ పేరుతోనూ పిలవడం మానేశాడు. ఒరేయ్ పోయింది. ఒసేయ్ అనే ధైర్యమూ లేదు. అమ్మతో చెప్పి పంపేవాడు, అన్నం పెట్టమను, ఫ్యాను కట్టేయమను అని. ఎవరికి, ఎవరిని అనేది ఆ వాక్యాల్లో ఉండేది కాదు. నన్ను వ్యానులో రమ్మనడం కూడా తనే మానేశాడో, నేనే బస్సులో వెళ్ళడం మొదలుపెట్టానో ఇప్పుడు చెప్పలేను.

ఒక సెలవురోజు మధ్యాహ్నం అమ్మ నేల మీద కూర్చుని కూరలు తరుగుతోంది. నాన్న గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. అమ్మ తల ఎత్తకుండానే నాన్నతో మొదలుపెట్టింది.

"ఆఫీసులో నీడపట్టున పని దొరికింది, ఎండలో తిరిగే బాధ తప్పింది అన్నావు. మరి వీడి మొహం ఇట్లా పీక్కుపోయిందేం?"

వీడి. అమ్మ నోట ఆ మాట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఎన్నేళ్ళుగానో నేను ఎదురుచూసిన మాట. ఆ పూట దాన్ని చేతిలోకి తీసుకుని చూసుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది.

నాన్న చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు. నేనే అడిగాను.

"అద్దంలో చూశావు కదా నాన్నా?"

నాన్న వీధిలోకే చూస్తూ, "చూశాను," అన్నాడు.

తర్వాత ఆయనంతట ఆయనే చెప్పుకుపోయాడు, అమ్మకు వినపడాలనే చెప్పాడు. దిగివస్తే చెయ్యి చేసుకునేవాణ్ణి. చెయ్యి చేసుకుంటే పోలీసులొచ్చేవారు. వాళ్ళు వస్తే అందరి ముందూ అసలు నువ్వెవరని అడుగుతారు, ఇంకా ఏమేం అడుగుతారో, ఎక్కడికి తీసుకెళ్ళి ఏం చూడమంటారో. అది తలుచుకుని దిగలేకపోయాను. ఇంత చెప్పి, చివర్లో నా వైపు తిరిగాడు.

"ఆడపిల్ల అంటే కనీసం జాలిపడతారనుకున్నాను."

"జాలిపడ్డారు నాన్నా," అన్నాను.

అమ్మ కత్తి ఆగిపోయింది. ఆమెకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పలేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. చూసి, కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు.

"నువ్వు దిగాల్సింది," అంది నాన్నతో.

"దిగాల్సింది," అన్నాడు నాన్న.

అమ్మ లేచి, తరిగిన ముక్కలు పట్టుకుని లోపలికి వెళ్ళింది. కుళాయి చప్పుడు ఆగకుండా వినిపించింది. ముక్కలు కడగడానికి అంత నీళ్ళు అక్కర్లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ముగ్గురం కలిసి కూర్చుని తినలేదు. అమ్మ నాన్నకు వడ్డించి వెళ్ళిపోయేది. నాన్న తిని లేచాక నేను వెళ్ళేవాణ్ణి. నా తర్వాత వంటింట్లో నిలబడి అమ్మ తినేది. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. పోట్లాడుకుని ఉంటే ఏదో ఒక మాట దగ్గర ఆగేవాళ్ళమేమో.

వాన పడింది. ఒకటి కాదు, వరసగా పడ్డాయి. ఫోన్లు మోగడం తగ్గింది. ఇక సీజను అయిపోయింది, మనుషులను తగ్గిస్తున్నాం అని మేనేజరు పిలిచి చెప్పాడు. నన్నొక్కణ్ణే తీయలేదు, ఇంకొందర్నీ తీశాడు. ముందు పిలిచింది మాత్రం నన్నే. నా పనిముట్ల సంచీ అప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని అప్పగించడానికి స్టోరు కిటికీ దగ్గరికి వెళ్ళాను. బావ ఒక్కడే ఉన్నాడు. ఒక్కొక్క పానా తీసి తుడిచి లోపల పెట్టుకున్నాడు. ఆ చేతులను చూడకుండా ఉందామనుకున్నాను, కానీ చూశాను.

"ఇదుగో, మా ఇంట్లో ఏసీ నీళ్ళు కారుతోంది," అన్నాడు. "తీరికుంటే ఓసారి వచ్చి చూసి పో. పొద్దున పూట మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఇంకెవర్నీ పంపలేను. నువ్వైతే పర్వాలేదు."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నామీద అతనికి ఏ కోపమూ లేదు, ఎప్పుడూ లేదు. ఆ వేసవంతా అతనికి అది సరదా. అయిపోయింది. నేను సంచీ అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. గేటు దాటాక కూడా ఆ మాట విన్న చెవి మండుతూనే ఉంది. అతన్ని కొట్టాలని అప్పటిదాకా ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ రోజు తర్వాత అదీ అనిపించలేదు. ఎవరిని కొట్టాలో తెలియకుండా పోయింది.

వేరే ఊళ్ళో ఒక కోల్డ్ స్టోరేజీలో పని దొరికింది. పళ్ళూ కూరగాయలూ దాచే గదులు, వాటిని చల్లగా ఉంచే యంత్రాలు. యంత్రాల గదిలో ఒక్కడే మనిషి చాలు అన్నారు. ఆ మాటకే ఒప్పుకున్నాను. అమ్మ బట్టలు సర్దింది. బిగుతు బనీన్లు కూడా తనే ఉతికి, ఆరేసి, మడత పెట్టింది. వెళ్ళేరోజు నాన్న వ్యాను తెస్తాను, బస్సు దాకా దింపుతాను అని అమ్మతో అన్నాడు. వద్దని అమ్మతోనే చెప్పాను. అయినా సంచీ ఆయనే ఎత్తుకున్నాడు. నేను ముందు, ఆయన నాలుగడుగుల వెనక, వీధి చివరి దాకా నడిచాం. దారిలో తెలిసినవాళ్ళు ఎదురై ఎక్కడికి ప్రయాణం అని అడిగారు. ఇద్దరం ఒకేసారి నోరు తెరిచి, ఇద్దరం ఆగిపోయాం.

ఇక్కడికి వచ్చి చాలాకాలమే అయింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరితోనూ కలిసి తినను, కలిసి నవ్వను, ఎవరికీ నాతో ఏ వరసా లేదు. లోపల ఒళ్ళు గడ్డకట్టే చలి. మందపాటి కోటు వేసుకుని తిరగాలి, కాబట్టి లోపల ఏం వేసుకున్నానో ఎవరికీ తెలియదు. అమ్మ ఫోను చేస్తూ ఉంటుంది. వానల గురించి, పక్కింటి వాళ్ళ గొడవల గురించి చెబుతుంది. నాన్న ఇంకా ఆ వ్యానే నడుపుతున్నాడు. ఈ వయసులో ఇంకెవరు పెట్టుకుంటారు అంటుంది. వాళ్ళిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా అని నేను అడగను.

మొన్న ఫోను చేసి, అన్నీ అయిపోయాక, "మీ నాన్న పక్కనే ఉన్నాడు. ఇవ్వనా?" అంది.

ఇవ్వు అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత ఊపిరి.

"నేనే," అన్నాడు.

"ఆఁ నాన్నా."

"పనెట్లా ఉంది?"

"బాగానే ఉంది."

"లోపల బాగా చలటగా?"

"అలవాటైంది."

ఇంకేదో అడుగుతాడని చూశాను. తనూ అడగాలనే చూస్తున్నట్టుంది. ఒకటి రెండుసార్లు మాట గొంతు దాకా వచ్చి వెనక్కి వెళ్ళడం నాకు వినపడింది. చివరికి, "సరే మరి, ఉంటాను," అన్నాడు. అన్నాడే గానీ ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఆయన అక్కడ, నేను ఇక్కడ, యంత్రాల హోరులో ఆ ఊపిరి వింటూ నిలబడ్డాను. ఇంతలో చివరి గది తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. లోపల చలి తగ్గుతోందని దానర్థం.

"పనుంది నాన్నా," అని పెట్టేసి, కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని లోపలికి వెళ్ళాను.